పెట్టెలోని విసుర్రాయి

కిందటి వారం మనం సత్యరాజును తల్లి సమాధిలో నడుం లోతున నిలబెట్టి వచ్చాం. ఊటకుంట క్రైస్తవుల సమాధుల తోట మీదుగా మందుల ఫ్యాక్టరీ ప్రహరీగోడ రాబోతోంది. సంఘం పెద్ద పరంజ్యోతి, అంటే సత్యరాజుకు సొంత అన్న, అందరి తరఫునా సరేనని తలూపేశాడు. ఎవరి ఎముకలు వాళ్ళు తీసుకుపోయి కుంట వెనక చూపించిన కొత్త జాగాలో పెట్టుకోవాలి. ఊరందరికీ ఆ మాట చెప్పినవాడు, తమ తల్లి సువార్తమ్మ దగ్గరికి వచ్చేసరికి మాత్రం, "అవ్వను కదపకు తమ్మి, పండుకోనియ్యి" అన్నాడు. పట్టాళంలో పదిహేనేళ్ళు చేసి వచ్చిన సత్యరాజు వినలేదు. ఫ్యాక్టరీ గోడ కింద తల్లిని వదిలిపెట్టి పోనన్నాడు. కూలి సంగయ్యను వెంటబెట్టుకొని పొద్దున్నే తవ్వకం మొదలుపెట్టాడు. చెదలు తిన్న పెట్టె మూత విరిగింది. లోపల గడ్డపార రాతికి తగిలి ఠంగుమంది.

"పెట్టెల రాయేంది సత్తెన్నా?" అన్నాడు సంగయ్య, గట్టు మీద నుంచి వంగి చూస్తూ.

సత్యరాజు గడ్డపార పక్కన పెట్టి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చేతులతో మట్టి తోడాడు. ఆ చేతులు లాహోరు సెక్టారులో హడావుడిగా పూడ్చిన తోటి సిపాయిలను, కాల్పులు ఆగాక మళ్ళీ పైకి తీసిన చేతులు. మట్టిలో మనిషి ఎలా మిగులుతాడో వాటికి కొత్త కాదు. ఈ పెట్టెలో మనిషి ఆనవాలే లేదు. పన్ను లేదు, వెంట్రుక లేదు. గోనెపట్టా పీలికల మధ్య రెండు గుండ్రటి రాళ్ళున్నాయి, ఒకదాని మీద ఒకటి.

పైరాయిని ఎత్తి ఒళ్ళో పెట్టుకొని అరచేత్తో మట్టి రుద్దేశాడు. అంచున పెచ్చు లేచిన చోటు బయటపడింది. చిన్నతనంలో బొంగరానికి మేకు సాపు చేయబోయి తానే లేపిన పెచ్చు. ఆ రోజు అవ్వ వీపు మీద రెండు వేసి, మళ్ళీ తానే వెన్న రాసింది.

"ఇది మా ఇసుర్రాయిరా సంగయ్యా."

అరవై ఆరులో సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు, మూలన ఖాళీ చూసి, విసుర్రాయి ఏదని అన్నను అడిగాడు సత్యరాజు. "ఊర్లెకు పిండి గిర్ని వచ్చె, ఇసిరే అవ్వనే లేకపాయె. ఎవలికో ఇచ్చేసిన" అంటూ పరంజ్యోతి ధోవతి చెంగుతో కళ్ళొత్తుకున్నాడు. తాను యుద్ధంలో ఉండగా అవ్వ జహీరాబాదులోని పిన్నమ్మ ఇంటికి పోయి, అక్కడ గత్తర, అంటే కలరా తగిలి చనిపోయిందని, గత్తర శవం గనుక మేకులు కొట్టిన పెట్టెను ఎవరూ తెరవకుండా తెచ్చి పూడ్చామని అప్పుడే చెప్పాడు. సత్యరాజు నమ్మాడు. అన్న భుజం మీద తల పెట్టి ఏడ్చాడు కూడా. పట్టాళం నుంచి పూర్తిగా వచ్చేశాక ప్రతి ఏడూ ఈస్టరుకు ముందు ఈ సమాధికి సున్నం కొట్టాడు. పెళ్ళాం లీలమ్మ, తాను కలిసి రాళ్ళు ఏరి సాగులోకి తెచ్చిన చెలకలో జొన్న పండితే మొదటి కంకి తెచ్చి ఇక్కడ పెట్టాడు. గేదెకు దూడ పుడితే ఇక్కడికొచ్చి చెప్పుకున్నాడు. తల్లికి చెప్పుకుంటున్నాననుకున్న కష్టసుఖాలన్నీ ఇన్నేళ్ళూ ఒక విసుర్రాయికి చెప్పుకున్నాడు.

చుట్టుపక్కల సమాధుల దగ్గర గంపలతో ఉన్న జనం ఒక్కొక్కరే వచ్చి గుంటలోకి తొంగి చూశారు. ఎవరూ నోరు తెరవలేదు. పరంజ్యోతి చెయ్యి పడితేగాని ఫ్యాక్టరీ గేటు లోపలికి కొడుకును పంపలేనివాళ్ళే అందరూ. ఒక ముసలాయన మాత్రం గొంతు సవరించుకొని, "పెద్దమనిషి, ప్రార్థనపరుడు. ఏదన్న కారణం లేకుంట చెయ్యడు" అన్నాడు. సత్యరాజు తల ఎత్తి ఆయన వైపు చూశాడు. ఈయనే కదా పెట్టెను ఒక పక్క భుజం కాసి మోసింది! భుజం మీద శవం బరువేదో రాయి బరువేదో తెలియని మనిషి, కారణాల గురించి చెప్పొచ్చాడు. ఆయనకు జవాబు చెప్పడం కూడా దండగ అనిపించింది సత్యరాజుకు.

రాయిని భుజానికెత్తుకొని గుంటలోంచి పైకొచ్చాడు. సంగయ్య సాయం పట్టబోతే వద్దని తలూపాడు.

"జెర నువ్వు మా ఇంటిదానికి చెప్పు. చెలకల ఉంటది," అని నడిచాడు.

* * *

పరంజ్యోతి ఇల్లు చర్చి సందులో మొదటిది. నిరుటిదాకా గూనపెంకుల ఇల్లు. ఈ ఏడు స్లాబు పడింది. ఫ్యాక్టరీ పునాదుల కోసం వచ్చిన సిమెంటులో కొంత తోవ తప్పి ఈ సందులోకి వచ్చిందని ఊరికంతా తెలుసు. ఎమర్జెన్సీ రోజులు గనుక ఎవరూ పైకనరు. గోడకు కొత్త రంగు, దాని మీద పెద్ద అక్షరాలతో బైబిలు వాక్యం. వరండాలో పేము కుర్చీలు. ఒకదానిలో పరంజ్యోతి, మడత నలగని ధోవతి, తెల్లటి ఉత్తరీయంతో. ఎదుట ఫ్యాక్టరీ స్థలాల వ్యవహారాలు చూసే చలపతిరావు. కోస్తా నుంచి వచ్చి పటాన్‌చెరులో కాపురం పెట్టినవాడు, ఎప్పుడూ తెల్ల ప్యాంటే వేస్తాడు. ఆ ప్యాంటుకు ఊరి దుమ్ము అంటకూడదని కాళ్ళు కుర్చీ కిందికి ముడుచుకొని కూర్చుంటాడు. సందు మొదట్లో అతని జీపు ఆగి ఉంది. పరంజ్యోతి భార్య సౌభాగ్యమ్మ అప్పుడే టీ కప్పులు తెచ్చి టీపాయి మీద పెట్టింది.

"రండి సత్యరాజుగారూ! మీ మాటే అనుకుంటున్నాం," అన్నాడు చలపతిరావు. "మీలాంటి మాజీ సైనికులు యూనిఫాంలో గేటు దగ్గర నిలబడితే మా ఫ్యాక్టరీకే అందం. మీరేమో పాలు మోసుకుంటూ సైకిలు తొక్కుతున్నారు. ఇదేమన్నా బాగుందా చెప్పండి?"

సత్యరాజు మెట్లెక్కాడు. భుజం మీది విసుర్రాయిని తీసుకొచ్చి టీపాయి మీద దించాడు. కప్పులు పగిలాయి. టీ చలపతిరావు తెల్ల ప్యాంటు మీద చిందింది.

"అన్నా, అవ్వను తెచ్చిన. గుర్తువట్టు."

పరంజ్యోతి రాయిని చూడలేదు. తమ్ముడి కాళ్ళకున్న ఎర్రమట్టిని చూశాడు. ఆ తర్వాత సందులోకి చూశాడు, ఎంతమంది వెనక వస్తున్నారో అని. అంతటి క్షణంలో కూడా ఆ మనిషి లెక్క అదే.

"తవ్వొద్దని చెప్పిన గద తమ్మి," అన్నాడు మెల్లగా. "లోపలికి రా. మాట్లాడుకుందాం."

"ఇక్కడ్నే మాట్లాడు. అవ్వ ఏది?"

"గత్తర తమ్మి. ఆ రోజులు నీకు ఎర్క లేదు. శవాన్ని బయటికి తేనియ్యలే. ఆడ్నే బొందవెట్టినం. ఇక్కడ మనవాళ్ళకు తృప్తి ఉండాలె గద, పేరుకు ఒక పెట్టె..."

"సరే. ఆడ ఏ జాగల? ఇప్పుడే జహీరాబాదు పోదాం. జాగ చూపెట్టు, నేనే తవ్వుకుంట."

"ఇన్నేండ్లాయె. ఏడ అని గుర్తుంటది?"

"ప్రార్థన చేసిన అయ్యగారెవరు?"

"ఆయన కాలం చేసిండు."

"పిన్నమ్మ బతికే ఉంది గద. అడుగుదాం పా."

పరంజ్యోతి పెదవులు తడుపుకున్నాడు. ఇంకో అబద్ధం కోసం వెతుకుతున్నాడని సత్యరాజుకు అర్థమైంది. ఈ నోరే ఆదివారం ఆదివారం బల్ల ముందు నిలబడి సత్యమే మిమ్మల్ని స్వతంత్రులను చేస్తుందని చదువుతుంది. చదివేటప్పుడు ఎంత ఇంపుగా ఉంటుందో ఆ గొంతు! తడబడుతుంటే ఎంత సన్నగా, ఎంత పిసినారిగా ఉంది! ఇరవై అడుగుల దూరంలో శత్రువును చూసినప్పుడు కూడా సత్యరాజుకు ఇంత రోత పుట్టలేదు.

చలపతిరావు చేతిరుమాలుతో ప్యాంటు తుడుచుకుంటూ లేచాడు. "ఇది మీ కుటుంబ వ్యవహారమండీ. నేను తర్వాత వస్తాను. ఒక్కమాట. ఈ రాయి సంగతి పదిమందిలో పెట్టకండి. సోమవారం గోడ పని మొదలవ్వాలి. ఎముకలంటారా, ఏముందండీ, ఎవరివైనా మట్టే కదా. గుప్పెడు మట్టి తీసుకెళ్ళి అక్కడ పెడితే..."

"కూసోండ్రి సార్," అన్నాడు సత్యరాజు. "మీ గోడకు అడ్డమొచ్చింది మా అవ్వనే గద. ఆమె ఏడికి పోయిందో మీరు గుడ ఇనుండ్రి. ఇంక మట్టి ముచ్చట నాకు చెప్పకుండ్రి. కాళ్ళకు మట్టి అంటితే చచ్చిపోయేటట్టున్నరు మీరు."

చలపతిరావు కూర్చోలేదు, పోలేదు. స్తంభం పక్కకు జరిగి నిలబడ్డాడు.

"తమ్మి, పెద్దమనుషుల ముందట..." అని పరంజ్యోతి అందుకోబోతుంటే, లోపలి గడప మీద నిలబడ్డ సౌభాగ్యమ్మ ఒక్కసారి బయటికి వచ్చింది. విసుర్రాయి మీద చెయ్యి వేసి, వేడి తగిలినట్టు తీసేసింది.

"ఇగ చాలు. ఎన్నేండ్లు మోస్త నేను? అవ్వకు గత్తర రాలే సత్యరాజూ. పెద్దరోగం వచ్చింది."

"సౌభాగ్యా!" అన్నాడు పరంజ్యోతి.

"అరిస్తే అరువు, ఏమైతది?" అంది ఆమె. సత్యరాజు వైపే చూస్తూ చెప్పింది. "మోచెయ్యి మీద తెల్లటి మచ్చ లేచింది. పొయ్యిలకెల్లి నిప్పు వట్టుకున్నా ఆమెకు తెలవకపోయేది. చర్మం కాలిన వాసన మాకొచ్చేది గని, ఆమెకు నొప్పి లేకుండె. అప్పుడే ఈయనను సంఘం పెద్దను చేసే మాట నడుస్తున్నది. ఊర్లె తెలిస్తే గుడిల కూసోనియ్యరు, బాయికాడికి రానియ్యరు అన్నడు. గోదారి అవతల పెద్దరోగం ఆసుపత్రి ఉన్నదంట. పిన్నమ్మ ఇంటికి పంపుతున్నమని ఊరికీ అవ్వకూ చెప్పి బండి కట్టినం. ఇసుర్రాయి గుడ బండ్ల పెట్టిండు ఈయన. అవ్వ ఎంత సంబురపడ్డదో! నా పెద్దకొడుకు నా ఇసుర్రాయి గుడ పంపుతున్నడు, ఆడ ఇసురుకుంట అన్నది. అప్పటికే ఈయన పెట్టె మాట అనుకున్నడని పిచ్చిదానికేమెర్క? సంగారెడ్డిల బండి ఆపి ఆమెను బస్సెక్కిచ్చిండు. ఆ ఆసుపత్రి గేటు కాడ దించి, మల్లొస్త అని చెప్పొచ్చిండు. తిరిగొచ్చేటప్పుడు సంగారెడ్డిల పెట్టె చేపిచ్చి, బరువుకు బండ్ల ఉన్న ఇసుర్రాయి అండ్ల వెట్టి మేకులు కొట్టిచ్చిండు."

సత్యరాజు ఒక చేతిని గోడకు ఆనించాడు. కొత్త రంగు మీద ఎర్రటి అరచేతి గుర్తు పడింది. పరంజ్యోతి చూపు ఆ మరక మీదికే పోయింది.

"మల్ల పోయినవా?" అని అడిగాడు సత్యరాజు.

అన్న చెయ్యి చాచి ధోవతి చెంగుతో ఆ మరక తుడవబోయాడు.

"ఒక్కసారన్న పోయినవా అన్నా?"

"నువ్వేం మాట్లాడుతవురా!" పరంజ్యోతి గొంతు ఒక్కసారి లేచింది. భయం తీరి మొండితనం వచ్చింది. "నువ్వు పట్టాలంల రొట్టె తింట కూసున్నవ్. ఈడ ఎల్లదీసింది నేను. పెద్దరోగపోళ్ళ ఇల్లంటే నీకు పిల్లనెవడిచ్చేటోడు? లీలమ్మ వాళ్ళ నాయిన నీ ఇంటి గడప తొక్కేటోడా? నీ సంసారం, నీ పిల్లలు, నువ్వు తినే బువ్వ, అన్నీ నేను దాసినందుకే నీకు దొరికినయ్. అది యాదికుంచుకో."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. అది నిజం కావడమే అన్నిటికన్నా నీచంగా ఉంది.

"మా ఎదుటి పట్టాలపోడు దుష్మన్," అన్నాడు సత్యరాజు. "గని మావోళ్ళు వాని దిక్కు పడిపోతె, తెల్లబట్టల చుట్టి తెచ్చిచ్చిండు. సెల్యూట్ కొట్టి మరీ ఇచ్చిండు. నువ్వు బతికున్న అవ్వ మీద మన్ను పోసినవ్. ఆ మన్ను మీద నిలవడి పాట పాడినవ్. నిన్ను కొట్టాలని గుడ అనిపిస్తలేదన్నా. నిన్ను కొడితె నా చెయ్యి కడుక్కోవాలె."

పరంజ్యోతి చెంపదెబ్బ తిన్నదానికన్నా ఎక్కువగా వెనక్కి వాలాడు. సత్యరాజు అప్పటికే అతని వైపు నుంచి తిరిగిపోయాడు.

"వదినా, ఆ ఆసుపత్రి ఊరి పేరు చెప్పు. బస్సుకు పోత."

సౌభాగ్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆడ లేదు. పోయిన వానకాలం అవ్వ ఈడికే వచ్చింది. రోగం తగ్గింది, ఇంటికి పొమ్మన్నరంట. చేతులకు వేళ్ళు లేవు. ఈ వాకిట్ల నిలవడి పిలిచింది. నేను... నేను తలుపు తియ్యలే. కిటికీలకెల్లి చూసుకుంట నిలవడ్డ. చానసేపు పిలిచి మీ ఇంటి తొవ్వ వట్టింది. అప్పుడు నువ్వు పాలకు పోయినవ్. ఆమెను లోపలికి పిలిచి గంజి పోసింది ఎవలో నీకు ఎర్కనా? నీ పెండ్లామే. ఇగ నన్నడగకు. ఆమెనడుగు."

సత్యరాజు వెనక్కి తిరిగాడు. లీలమ్మ మెట్ల కింద నిలబడి ఉంది. చెలకలోంచి నేరుగా వచ్చినట్టుంది, కొడవలి ఇంకా చేతిలోనే ఉంది, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకొని ఉన్నాయి. ఎప్పుడు వచ్చిందో, ఎంత విన్నదో ఎవరూ గమనించలేదు.

"లీలా?"

"బొంతపల్లిల ఉన్నది," అంది లీలమ్మ. "వీరభద్రుని గుడి కాడ బిచ్చమడిగేటోళ్ళల్ల కూసుంటది. శనివారం శనివారం నేను బువ్వ గట్టుకపోతున్న. అంగడికి పోతున్నని నీకు చెప్పి."

కూతవేటు దూరం. కొండలూ నదులూ దాటి కాదు, పక్క ఊళ్ళో. సంఘం పెద్ద తల్లి గుడి మెట్ల ముందు చెయ్యి చాచి కూర్చుంది. సత్యరాజుకు మెట్లు ఎలా దిగాడో తెలియలేదు.

"నాకెందుకు చెప్పలే?"

లీలమ్మ అతని ముఖంలోకి సూటిగా చూసింది. అలా చూసి ఏడాదయిందని సత్యరాజుకు అప్పుడు తట్టింది. ఈ ఏడాదంతా కంచంలో అన్నం పెట్టి పక్కకు తిరిగిపోయేది. పిల్లలతో నవ్వేది, తనను చూస్తే నవ్వు ఆపేసేది. పని ఎక్కువై అలసిపోతోందనుకున్నాడు.

"నీకు చెప్పాల్నా? పంపిచ్చింది నువ్వే గద," అంది.

"నేనా?"

"'సిన్నోడు పట్టాలంల నుంచి కబురు పంపిండు. నువ్వు ఇంట్లుంటే ఇంటికే రానన్నడు. నాకేం ఇష్టం లేదవ్వా, వాని మాట కోసం తీస్కపోతున్న.' బస్సు ఎక్కిచ్చేటప్పుడు పెద్దకొడుకు గిట్ల చెప్పిండని నాకు అవ్వనే చెప్పింది. ఏడ్వలే, తిట్టలే. నువ్వు మంచిగున్నవా అని మాత్రం అడిగింది. నీకు చెప్తే ఆ ఊర్లె గుడ ఉండనని నాతోని ఒట్టు వెట్టిచ్చుకుంది." లీలమ్మ గొంతు వణకలేదు. అదే సత్యరాజును ఎక్కువ భయపెట్టింది. "మొన్న ఈస్టరుకు నువ్వు బకెట్ల సున్నం కలుపుకొని, బొంద కాడ కూసోని ఏడ్సినవు సూడు. అప్పుడు నీ మీద ఉమ్మెయ్యాలనిపిచ్చింది నాకు. పిల్లల మొకం సూసి ఊకున్న."

పొద్దుటి నుంచి లోకమంతటినీ నీచంగా చూస్తూ వచ్చిన సత్యరాజుకు, తనను అంతకన్నా నీచంగా చూస్తూ ఒక మనిషి ఏడాదిగా తన పక్కనే పడుకుందన్న సంగతి మింగుడు పడలేదు.

"నేను చెప్పలే లీలా. నాకు రోగం సంగతే ఎర్క లేదు. ఇప్పుడే, ఈడనే ఇన్న. నా పిల్లల మీదొట్టు."

లీలమ్మ నమ్మనూ లేదు, నమ్మకపోనూ లేదు. వరండా మీద కూలబడి ఉన్న సౌభాగ్యమ్మ వైపు చూసింది.

"అక్కా. నువ్వు చెప్పు. ఈయన కబురు పంపిండా?"

సౌభాగ్యమ్మ లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"ఆయనకెవలు చెప్పిన్రు? మీ బావ సొంతంగ అల్లిండు. లేకుంటే అవ్వ బస్సు ఎక్కకపోయేది."

లీలమ్మ చేతిలోని కొడవలి కింద పడింది. కూడదీసుకున్న ఏడాది కోపం ఎటు పోవాలో తెలియక ఆమె ముఖం అల్లాడింది. సత్యరాజు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకోలేదు.

"పా, అవ్వను ఇంటికి తీస్కొద్దాం," అన్నాడు. "నువ్వే చెప్పాలె ఆమెకు. నా మాట నమ్మది."

"పెద్దకొడుకు మాటైతె నమ్ముతది," అంది లీలమ్మ, కళ్ళు తుడుచుకుంటూ. "ఆయన మీద ఇప్పటిదాంక ఒక్క చెడ్డమాట అనలే. మల్లొస్త అని చెప్పిండు, వస్తడు అనే అంటది. ఆయన వచ్చి లెవ్వమంటె లేస్తది, ఏడికి రమ్మంటె ఆడికి పోతది."

ఆ మాటకు ముగ్గురూ ఒక్కసారే పేము కుర్చీల వైపు చూశారు. పరంజ్యోతి కూర్చున్న పేము కుర్చీ ఖాళీగా ఉంది. స్తంభం పక్కన చలపతిరావు లేడు. ఇంటి వెనక తలుపు బార్లా తెరిచి ఉంది.

సందు మొదట్లో జీపు స్టార్టయిన చప్పుడైంది. సత్యరాజు పరుగెత్తుకొచ్చేసరికి అది రోడ్డెక్కేసింది. వెనక సీట్లో అన్న తెల్లటి ఉత్తరీయం ఎగురుతూ కనిపించింది. జీపు ఫ్యాక్టరీ వైపు తిరగలేదు. దుమ్ము లేపుకుంటూ బొంతపల్లి తోవ పట్టింది.